పాత కారు కొనే ముందు పెయింట్ మీటర్: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

సెకండ్ హ్యాండ్ కారు చూడటానికి వెళ్లేవాళ్లు వెంట ఉంచుకోవాల్సిన వస్తువు ఏదని అడిగితే నేను పెయింట్ థిక్‌నెస్ మీటర్ అనే చెబుతాను. అరచేతిలో ఇమిడిపోతుంది. రేకుకు ఆనిస్తే దాని మీద రంగు ఎంత మందంగా ఉందో మైక్రాన్లలో (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు ఒక మైక్రాన్) చూపిస్తుంది. ఆన్‌లైన్‌లో నాలుగు వేల లోపే వచ్చింది. అప్పటి నుంచి మా ఇంట్లోవాళ్లు, ఆఫీసువాళ్లు, వాళ్ల చుట్టాలు విశాఖలో ఎక్కడ పాత కారు బేరం ఆడుతున్నా దీన్ని జేబులో వేసుకుని నేనూ వెళ్తున్నాను. గాజువాక షెడ్లలో, మధురవాడ అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో బాగా వాడాను. పెట్టిన డబ్బుకు ఇది పూర్తిగా న్యాయం చేసింది. అయితే అది చూపించే అంకెను అర్థం చేసుకోవడం రావాలి. లేకపోతే మంచి బండిని వదిలేసి, దెబ్బతిన్న బండికి అడ్వాన్స్ ఇచ్చి వస్తాం.

కంపెనీ రంగు మామూలుగా 80 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. పైన మళ్లీ పెయింట్ కొడితే 200, 300 దాకా వెళ్తుంది. సొట్టకు పుట్టీ పెట్టి, రుద్ది, రంగేస్తే 500 దాటుతుంది, ఒక్కోసారి వెయ్యి కూడా. కారు కారుకూ ఈ అంకెలు మారతాయి కాబట్టి ఆ బండిలోనే ఒక భాగాన్ని ఇంకో దానితో పోల్చాలి. మిగతా డోర్లన్నీ 110 దగ్గర ఉండి, కుడి వెనక డోర్ ఒక్కటే 240 చూపిస్తే దానికి పని జరిగినట్టే. నేను మొదట రూఫ్ మీద పెడతాను. రూఫ్‌కు మళ్లీ రంగు కొట్టాల్సిన అవసరం అరుదుగా వస్తుంది, అందుకని ఆ బండి అసలు అంకె అక్కడే దొరుకుతుంది.

మన ఊళ్లో దీనికో మినహాయింపు ఉంది. 2014 అక్టోబర్ 12న వచ్చిన హుద్‌హుద్ తుఫానుకు చెట్లు, రేకులు మీద పడి ఎన్నో కార్ల రూఫులు నొక్కుకుపోయాయి. అంతకుముందు కొన్న ఏపీ 31 (విశాఖ రిజిస్ట్రేషన్) బండి ఒకటి చూసినప్పుడు రూఫ్ 400 పైన చూపించింది. రూఫ్‌కు పుట్టీ ఉందంటే బండి పల్టీ కొట్టిందేమో అని ఎవరికైనా అనుమానం వస్తుంది. ఓనర్ మాత్రం తుఫానుకు చెట్టు కొమ్మ పడిందన్నారు. ఆ మాట నమ్మే ముందు పిల్లర్లన్నీ, అంటే డోర్ల పక్కన రూఫ్‌ను మోసే నిలువు స్తంభాలు, చూశాను, ఒక్కటీ 120 దాటలేదు. ఓనర్‌ను అడిగి డోర్ బీడింగ్ (డోర్ చుట్టూ ఉండే రబ్బరు) కొంచెం లాగి చూస్తే లోపల కంపెనీ వెల్డింగ్ పంచింగ్ గుర్తులు గుండ్రంగా, ఒకే వరుసలో ఉన్నాయి. పల్టీ కొట్టిన బండికి పిల్లర్లు అంత శుభ్రంగా మిగలవు. ఆ బండి మా బావగారు కొనుక్కున్నారు, ఇప్పటికీ అదే నడుపుతున్నారు.

ఉప్పుగాలి సంగతి కూడా తెలిసుండాలి. బీచ్ రోడ్డు, రుషికొండ వైపు ఆరుబయట నిలిపే కార్లకు డోర్ల కింది అంచులు, వీల్ ఆర్చ్‌లు తొందరగా తుప్పు పడతాయి. తుప్పు గీకేసి అక్కడ పుట్టీ పెట్టిస్తారు. మీటర్ 600 చూపించేసరికి యాక్సిడెంట్ బండి అని బెంబేలెత్తక్కర్లేదు. తుప్పు పని ఎక్కువగా అంచుల్లోనే ఉంటుంది, చాలాసార్లు రెండు వైపులా కనిపిస్తుంది. గుద్దిన దెబ్బ అలా కాదు. ఒకే వైపున ఉంటుంది, ఫెండర్ (ముందు చక్రం మీది రేకు) దగ్గర మొదలై డోర్ మీదకీ పాకుతుంది. అలా వరుసగా రెండు మూడు భాగాల్లో అంకె పెరిగితే నేను వెంటనే డోర్ తెరిచి లోపలి పిల్లర్ మీద మీటర్ పెడతాను. అక్కడ కూడా 300 చూపిస్తే ఆ బండి ఎంత చవకైనా వద్దంటాను. డోర్ మారిస్తే సరిపోతుంది, పిల్లర్ అనేది బండి అస్థిపంజరం. ఆటో గీసుకుపోయి రంగేసిన డోర్‌కు 220 వచ్చిందని గోల చేయడం మాత్రం అనవసరం. సిటీలో తిరిగే కారుకు అది మామూలే.

ఇక ఈ మీటర్ చెప్పలేనివి. బంపర్ ప్లాస్టిక్ కాబట్టి దాని మీద పనిచేయదు. పాత ఫెండర్ తీసేసి కొత్తది బిగించి రంగేస్తే అంకె దాదాపు కంపెనీ అంకెలాగే రావచ్చు. అందుకే బానెట్ ఎత్తి ఫెండర్ బోల్టులు చూడాలి. స్పానర్ పడిన బోల్టు తల మీద రంగు చెదిరి ఉంటుంది. ఒక హెడ్‌లైట్ కొత్తగా మెరుస్తూ రెండోది పసుపెక్కి ఉంటే ఎందుకో అడగండి. డిక్కీలో స్టెప్నీ తీసి అడుగు రేకులో ముడతలు, చేత్తో పూసినట్టున్న సీలెంట్ ఉన్నాయేమో చూడండి. కీ ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కొన్ని సెకన్లకు ఆరిపోవాలి. అసలు వెలగకపోతే అది వెలిగి ఆరకపోయినంత చెడ్డ సంకేతం. ముందు అద్దం ఒక్కటే మారిందంటే నాకు పెద్ద అనుమానం రాదు, హైవే మీద లారీల వెనక వెళ్తే రాయి తగలడం మామూలే.

కాగితాల్లో పాత ఇన్సూరెన్స్ పాలసీ అడిగి తీసుకోండి. క్లెయిమ్ లేకుండా ఏడాది గడిస్తే నో క్లెయిమ్ బోనస్ (ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) 20 శాతంతో మొదలై, ఐదేళ్లకు 50 శాతానికి చేరుతుంది. ఒకే ఓనర్ దగ్గర ఏళ్లుగా ఉన్న బండికి ఆ బోనస్ సున్నా అని ఉంటే, క్లెయిమ్ అయినా జరిగి ఉండాలి, పాలసీ గడువు దాటి 90 రోజుల్లో రెన్యువల్ చేయించకపోయైనా ఉండాలి. ఏ సంగతో అమ్మేవాళ్లే చెప్పాలి.

మీటర్‌లో నాకు నచ్చనిది ఒకటే. దాంతో వచ్చిన ఇనుప, అల్యూమినియం బిళ్లల మీద తరచూ సరిచూసుకోవాలి, లేకపోతే అంకె జరిగిపోతుంది. దుమ్ము తుడవకుండా పెట్టినా, వంపు ఎక్కువున్న చోట పెట్టినా తప్పే చూపిస్తుంది. పీపీఎఫ్ ఫిల్మ్ (రంగు గీతలు పడకుండా అంటించే పారదర్శక పొర) అంటించిన బండికి ఆ ఫిల్మే 150 నుంచి 200 మైక్రాన్లు కలుపుతుంది, ముందే అడగాలి. ఒక్కో భాగం మీద నాలుగైదు చోట్ల పెట్టి, ప్రతి అంకెనూ ఫోన్‌లో ఫొటో తీస్తాను. బేరం దగ్గర కూర్చున్నాక "టచప్ కూడా పడలేదండీ" అన్నవాళ్లకు ఆ ఫొటోలు చూపిస్తే చాలాసార్లు ధర దిగింది.

ఇదంతా బాగున్నా, బండిని లిఫ్ట్ మీద ఎక్కించి ఛాసిస్ చూసుకోనివ్వండి అని అడుగుతాను. ఒప్పుకోకపోతే మావాళ్లెవరినీ అడ్వాన్స్ ఇవ్వనివ్వను.