సీతమ్మ పుట్టింటికి రైల్లో

నేపాల్‌లోని జనక్‌పూర్‌కి అమ్మ చిన్న డబ్బాలో భద్రాచలం ముత్యాల తలంబ్రాలు పెట్టుకుని బయల్దేరింది. "సీతమ్మ పుట్టింటికి వట్టి చేతులతో ఎలా వెళ్తాంరా" అంది. సికింద్రాబాద్ నుంచి దర్భంగా దాకా ఒకే రైలు, అక్కడి నుంచి బిహార్ సరిహద్దులోని జయనగర్‌కి ఇంకొకటి. మన రైలు అక్కడితో ఆఖరు. పక్కనే నేపాల్ రైల్వే స్టేషన్.

జనక్‌పూర్ వెళ్లే నేపాల్ రైలు టికెట్ మేం అక్కడి కౌంటర్లోనే కొన్నాం. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ చేతిలో ఉంచుకోండి. అమ్మ ఓటరు కార్డు సూట్‌కేసు అడుగున ఉండిపోయి క్యూలో టెన్షన్ పడ్డాం. భారత్, నేపాల్ పౌరులను మాత్రమే ఈ రైలు ఎక్కనిస్తారు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మనవాళ్లు కాఠ్మండూ మీదుగా విమానంలో రావడం మేలు.

ఇది 1937 నాటి నేరోగేజ్ లైను. 2014లో ఆపేసి, బ్రాడ్‌గేజ్‌గా మార్చి, 2022 ఏప్రిల్ 2న జనక్‌పూర్ దాటాక వచ్చే కుర్తా దాకా 35 కిలోమీటర్లు మళ్లీ తెరిచారు. లైను మన ప్రభుత్వ సంస్థ ఇర్కాన్ వేసింది, రైళ్లు కొంకణ్ రైల్వే సమకూర్చింది. మధ్యలో ఆ ఎనిమిదేళ్లూ ఎలా గడిచాయో పక్కసీటామె చెప్పింది. పుట్టిల్లు మధుబని దగ్గర, అత్తిల్లు నేపాల్‌లోని ఖజూరీ. చంటిపిల్లతో ఆటో దిగి, బస్సెక్కి, మళ్లీ నడిచి వెళ్లేదట. పెట్టెలో సగం మంది ఇలా పుట్టింటికో అత్తింటికో వెళ్తున్నవాళ్లే. సరిహద్దుకు అటూ ఇటూ మాట్లాడేది ఒకటే మైథిలి.

లాహోర్ వైపు సంఝౌతా ఎక్స్‌ప్రెస్ 2019లో ఆగింది. బంగ్లాదేశ్ వెళ్లే మైత్రీ, బంధన్, మిథాలీ మూడూ 2024 జులైలో ఆగిపోయాయి. రాజధానులు అలిగితే చుట్టాలు విడిపోతున్నారు. అందుకే ఈ అయిదు పెట్టెల రైలు నాకంత నచ్చింది.

ఇనర్వా దాటాక వరిచేలు, చెరువులు. గోదావరి జిల్లాలో ఉన్నట్టే ఉంది. జనక్‌పూర్‌లో మొదటి రాత్రి స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో దిగాం. ఏసీ అన్నారు, కరెంటు పోతే జనరేటర్ లేదు, దోమలు. మర్నాడే గుడి పక్కన ధర్మశాలకు మారాం. గది చిన్నది, దుప్పట్లు మాత్రం ఉతికినవి, వేడినీళ్లు అడగగానే ఇచ్చారు. పెద్దవాళ్లతో వెళ్తే అదే మంచిది. ఇక్కడ వంద మన రూపాయలంటే నూటఅరవై నేపాలీ రూపాయలు. వంద నోట్లు ఎక్కువ పట్టుకెళ్లండి.

జానకీ మందిరాన్ని టీకమ్‌గఢ్ రాణి వృషభాను కున్వరి కట్టించారు. తెల్లటి రాజమహల్లా ఉంటుంది. సాయంత్రం హారతి వేళ వెళ్లండి, ఆవరణలోనే ఉన్న వివాహ మండపం తప్పకుండా చూడండి. పూజారిగారు తలంబ్రాలు రెండు చేతులతో అందుకుని, "అబ్బాయి తరఫువాళ్లు వచ్చారు" అని హిందీలో అక్కడున్న ఆడవాళ్లకు చెప్పారు. వాళ్లు అమ్మను కూర్చోబెట్టి నుదుట సిందూరం పెట్టారు. ఆ రాత్రి అమ్మ అన్నం తింటూ రెండుసార్లు ఆ మాటే చెప్పింది.

తిరుగు ప్రయాణంలో మాత్రం ఇబ్బందైంది. జయనగర్‌లో సామాన్ల తనిఖీ ముగించుకుని వచ్చేసరికి దర్భంగా వెళ్లాల్సిన మా బండి వెళ్లిపోయింది. రెండు దేశాల రైల్వేలూ వేళలు కలిపి, ఒకే టికెట్ ఇస్తే ఈ అవస్థ ఉండదు, పట్టాలు కలపడం కన్నా అది కష్టమేమీ కాదు. అప్పటిదాకా జయనగర్‌లో ఒక రాత్రికి గది ముందే మాట్లాడుకుని వెళ్లండి.