కొన్నేళ్లుగా తింటున్న పిజ్జా: నేపుల్స్, మాతెర్‌దేయి పేటలోని స్తారీతా

ఇటలీలోని నేపుల్స్‌లో ఎవరిని కదిపినా ఒక పిజ్జేరియా (పిజ్జా హోటల్) పేరు చెప్పి, అంతకు మించింది లేదంటారు. నన్నడిగితే స్తారీతా అంటాను. చదువు మీద ఈ ఊరొచ్చి కొన్నేళ్లుగా మాతెర్‌దేయి పేటలోనే ఉంటున్నాను. ఎండల్లోనూ చలిలోనూ, తీరిగ్గా ఉండే మధ్యాహ్నాల్లోనూ, జనం వీధిలోకి వచ్చి నిలబడే శనివారం రాత్రుల్లోనూ అక్కడ తిన్నాను కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

కొత్తలో అందరూ వెళ్లే చోట్లకే నేనూ వెళ్లాను. వియా దేయి త్రిబునాలి వీధి పొడుగునా పిజ్జేరియాలే. 1870 నాటి దా మిచేలేలో పళ్లెం అంచు దాటి వేలాడే పిజ్జా ఎంతో బాగుంటుంది, ఊరు చూడటానికి వచ్చినవాళ్లు తినే తీరాలి. కానీ పని ముగించుకుని ఇంటికి వెళ్తూ ఆకలేసి ఆగే చోటు వేరే ఉంటుంది కదా. 1901లో వైన్ కొట్టుగా మొదలైన స్తారీతా నాకు అలాంటి చోటు.

ఏ పిజ్జేరియానైనా నేను మార్గరీతాతోనే తూచుతాను. టమాటా, ఆవుపాల మోజరెల్లా, నాలుగు బేసిల్ ఆకులు, ఆలివ్ నూనె. పిండి బాగా లేకపోతే దాన్ని దాచడానికి పైన ఇంకేమీ ఉండదు. నేపుల్స్ పద్ధతిలో ఆ పిండికి గోధుమ పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్ట్ చాలు. నూనె, చక్కెర కలపరు. గంటల తరబడి పులియనిస్తారు. 1984లో ఏర్పడిన ఇక్కడి పిజ్జా సంఘం నియమాల ప్రకారం ఉండ 200 నుంచి 280 గ్రాములు ఉండాలి, చాపాక అడ్డంగా 35 సెంటీమీటర్లు దాటకూడదు. కర్రతో ఒత్తరు, వేళ్లతోనే మధ్య నుంచి అంచులకు గాలిని నెడుతూ చాపుతారు. సుమారు 430 నుంచి 480 డిగ్రీల వేడిలో ఒకటిన్నర నిమిషం లోపే కాలిపోతుంది. అంత తక్కువ సేపట్లో కాలడం వల్లే లోపలి తడి ఆరిపోదు. అంచు మాత్రం నిప్పుల మీది పుల్కాలా పొంగి, అక్కడక్కడా నల్లమచ్చలు తేలుతుంది.

స్తారీతాలో నాకు నచ్చింది ఆ అంచే. చాలా చోట్ల మధ్యభాగం తిని అంచు వదిలేసేవాణ్ణి, ఇక్కడ దాన్నే చివరికి దాచుకుంటాను. కాస్త పులుపు, కాస్త పొగ వాసన. నమిలితే సాగదు. ఇన్నేళ్లలో ఆ రుచి మారకపోవడం మామూలు సంగతి కాదు, ఎందుకంటే ఎండాకాలం పిండి తొందరగా పులుస్తుంది, చలికాలం మొరాయిస్తుంది. రోజూ వాతావరణం చూసి ఈస్టూ సమయమూ సర్దుకోవాల్సింది మనిషే. పిజ్జా చేసే ఆ చేతి విద్యను 2017లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చిందంటే, చేర్చదా మరి!

శాకాహారులు గమనించాల్సిందొకటి: ఇటలీ చీజుల్లో చాలావాటిని దూడ పొట్ట నుంచి తీసిన రెనెట్‌తో విరగ్గొడతారు. పట్టింపు ఉన్నవాళ్లకు మరినారా ఉంది. టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె, అంతే. చీజూ ఉండదు, చేపా ఉండదు. మా అమ్మ వచ్చినప్పుడు అదే చెప్పాను. పళ్లెం రాగానే "ఇదేంట్రా, ఇంత మాడ్చేశారు?" అంది. మొదటి ముక్క తిన్నాక మాత్రం వెల్లుల్లి వాసన గురించే మాట్లాడింది. మార్గరీతా కన్నా అదే బాగుందని ఇప్పటికీ అంటుంది.

హైదరాబాద్‌లో కార్న్, క్యాప్సికం, తీగలు సాగే చీజు అలవాటైనవాళ్లు ఇక్కడ వేరే తిండికి సిద్ధపడి రావాలి. పిజ్జా ముక్కలు కోసి ఇవ్వరు, మధ్యలో తడిగా ఉంటుంది, చేత్తో ఎత్తితే వాలిపోతుంది. అది పచ్చిదనం కాదు, పిజ్జా తీరే అంత. కత్తీ ఫోర్కూ వాడండి, లేదా నాలుగు మడతలు పెట్టి తినండి. ఇంటికి మాత్రం కట్టించుకోవద్దు. ఏ పిజ్జేరియాదైనా సరే, అట్టపెట్టెలో ఆవిరికి పది నిమిషాల్లో మెత్తబడుతుంది.

ఇక మోంతనారా. స్తారీతాకు పేరు తెచ్చిన వంటకాల్లో ఇదొకటి. పిండిని ముందు నూనెలో వేయించి, టమాటా, పొగబెట్టిన చీజు వేసి మళ్లీ పొయ్యిలో పెడతారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పొయ్యిలూ సరుకులూ కరువైన రోజుల్లో ఈ ఊళ్లో వేయించిన పిజ్జా పేదల కడుపు నింపింది. ఆడవాళ్లు ఇంటి గుమ్మంలోనే మూకుడు పెట్టి అమ్మేవారు. ఈ రోజు తిని ఎనిమిది రోజులకు డబ్బిచ్చే అరువు పద్ధతి కూడా ఉండేది. మోంతనారా రెండుసార్లు వేడి తగిలినా బరువనిపించదు, పైపొర కరకరలాడుతూ లోపల దూదిలా ఉంటుంది.

వెళ్లాలంటే మెట్రో లైన్ 1లో మాతెర్‌దేయి స్టేషన్‌లో దిగండి. పురావస్తు మ్యూజియం స్టేషన్ నుంచి ఒక్క స్టాపే. శని, ఆదివారాలు నిలబడాల్సి వస్తుంది, మామూలు రోజు మధ్యాహ్నం పెందలాడే వెళ్లడం మేలు. ఇద్దరైతే ఒక మోంతనారా, ఒక మార్గరీతా చెప్పి పంచుకోండి. మోంతనారా ముందు తినండి, చల్లారితే నూనె తెలుస్తుంది.