టోఫూ వండేముందు: బరువు పెట్టాలా, ఉప్పునీళ్లలో వేయాలా, ఫ్రీజర్‌లో పెట్టాలా?

పన్నీరు మానేసి, సోయా పాలను విరగ్గొట్టి చేసే టోఫూకి మారినవాళ్లు మా చుట్టాల్లోనూ ఆఫీసులోనూ ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు. కొందరికి పాలు పడవు, కొందరిని డాక్టరు కొవ్వు తగ్గించమన్నారు. నెల తిరిగేసరికి అందరూ అడిగేది ఒకటే: ఎంత మసాలా వేసినా చప్పగా ఉంటోంది, ఏం చెయ్యాలి? మొన్న మా ఆడపడుచు ఫోన్ చేసి, "వదినా, రాత్రంతా పెరుగులో, మసాలాలో నానబెట్టాను. అయినా కొరికితే లోపల తెల్లగా, ఏ రుచీ లేకుండా ఉంది" అని బాధపడింది. సరే, ఒకసారి తేల్చేద్దామని 200 గ్రాముల ప్యాకెట్లు మూడు తెచ్చి, మూడింటినీ మూడు పద్ధతుల్లో సిద్ధం చేసి, ఒకేరోజు వండి చూశాను.

మూడు పద్ధతులూ నీళ్ల గురించే. టోఫూ రుచిని తేల్చేది మసాలా కాదు, నీళ్లే అని నా గట్టి నమ్మకం. గట్టి టోఫూలో కూడా దాదాపు ముప్పాతిక వంతు నీళ్లే ఉంటాయి. పన్నీరులో ఉన్న కొవ్వులో సగం కూడా దీంట్లో ఉండదు. లోపలంతా నీళ్లు నిండి ఉన్న ముక్క మసాలాను ఎక్కడికని పీల్చుకుంటుంది? నూనె కలిపిన మసాలా అయితే అసలే లోపలికి పోదు. పెనం మీద వేసినా అంతే. తడి ఆరేదాకా ముక్క పైభాగం 100 డిగ్రీలు దాటదు, ఎర్రగా వేగాలంటే సుమారు 140 డిగ్రీలు కావాలి. బెండకాయల్ని కడిగి, తుడిచి, ఆరబెట్టాకే ఎందుకు కోస్తామో తెలిసినవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

అందరూ చేసేది బరువు పెట్టడం. టోఫూని గుడ్డలో చుట్టి, పైన చపాతీ పీట, దాని మీద కుక్కరు పెట్టి అరగంట వదిలేశాను. గుడ్డ బాగానే తడిసింది. కానీ అంచులు పగిలాయి, మధ్యలో తడి అలాగే ఉంది, ఉప్పు ఎలాగూ ఎక్కదు. తప్పేమీ లేదు గానీ, అరగంట ఆగినందుకు దక్కింది తక్కువ.

రెండోది ఉప్పునీళ్లు. నేను రోజూ చేసేది ఇదే. అర లీటరు నీళ్లలో ఒక పెద్ద చెంచా ఉప్పు వేసి మరగనిచ్చి, పొయ్యి కట్టేసి, అంగుళం ముక్కలు అందులో వేసి పావుగంట ఉంచాలి. నీళ్లు తీయడానికి మళ్లీ నీళ్లలో వేయడమేంటని మొదట నాకూ అనుమానమే. వేడి తగలగానే టోఫూలోని ప్రొటీన్ బిగుసుకుని లోపలి నీళ్లను బయటికి నెడుతుంది. బయటికి తీశాక, ముక్కలు వేడిగా ఉంటాయి కాబట్టి పైన ఉన్న తడి ఆవిరై తొందరగా పోతుంది. ఉప్పు పై పొరలోకి దిగుతుంది, పచ్చి సోయా వాసన కూడా తగ్గుతుంది. చైనాలో సిచువాన్ వంటవాళ్లు మాపో టోఫూ అనే కారంకారంగా ఉండే కూర చేసేముందు ముక్కల్ని ఉప్పు వేసిన వేడినీళ్లలో కాసేపు ఉంచి తీస్తారు. కూరలో వేశాక అవి విరిగిపోకుండా ఉండటానికి కూడా అది పనికొస్తుంది.

తీసిన ముక్కల్ని పొడి నూలుగుడ్డ మీద ఎడంగా పరిచి పది నిమిషాలు వదిలేయండి. మొదట మెరుస్తూ ఉంటాయి, కాసేపటికి ఆ మెరుపు పోతుంది. వేలితో ముట్టుకుంటే తడి అంటకూడదు. అప్పుడు రెండు చెంచాల బియ్యప్పిండి చల్లి, ఇనప పెనం మీద రెండు చెంచాల నూనె కాగాక వేయాలి. ఆ రోజు తేడా చెవికే తెలిసిపోయింది. బరువు పెట్టిన ముక్కలు చిటపటమని నూనె చిమ్మాయి, ఇవి మాత్రం సన్నగా సుయ్యిమంటూ ఒకే తీరుగా వేగాయి. నాలుగు నిమిషాల దాకా అట్లకాడ పెట్టకండి. తొందరపడి కదిపితే ముక్క కింది పొర పెనానికే అంటుకుపోతుంది. ఎర్రబడ్డాక అదే వదులుతుంది.

మసాలా చివర్లోనే. వేయించిన పల్లీలు, ఎండుమిర్చి, జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రెబ్బలు బరకగా దంచి, పొయ్యి కట్టేసే ముందు కరివేపాకుతో పాటు చల్లి రెండుసార్లు ఎగరేస్తే చాలు. టోఫూలో లేని కొవ్వును పల్లీలు ఇస్తాయి. కారంలో ఉప్పు సగమే వేయండి, ముక్కలకి ముందే పట్టింది.

మూడోది ఫ్రీజర్. దీన్ని చాలామంది పట్టించుకోరు, అది నాకు నిజంగా బాధ. ముందురోజు రాత్రి ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెడితే పొద్దునకి పసుపు రంగుకి మారి రాళ్లలా ఉన్నాయి. పాడైపోయిందని పడేయకండి, కరిగాక మళ్లీ తెల్లబడుతుంది. లోపలి నీళ్లు మంచు పలుకులై టోఫూని లోపల్లోపలే చీలుస్తాయి, అవి కరిగాక ఆ ఖాళీలు అలాగే మిగులుతాయి. ఒక ముక్కను రెండు అరచేతుల మధ్య నొక్కితే నీళ్లు ధారగా కారాయి, వదిలితే స్పాంజిలా మళ్లీ లేచింది. జపాన్‌లో కోయా పర్వతం మీది బౌద్ధ మఠాల పేరుతో ప్రసిద్ధమైన కోయాదోఫూ కూడా ఇలా గడ్డకట్టించి, ఆపైన ఎండబెట్టినదే.

ఈ ముక్కల్ని పులుసులో వేయాలి. చింతపండు, ఉల్లిపాయలు, కాస్త బెల్లం వేసి మామూలుగా పెట్టే పులుసే. ఉడికేటప్పుడు ముక్కలు వేసి పది నిమిషాలు సన్నని మంట మీద ఉంచితే చాలు. కొరికితే లోపలినుంచి పులుసు ఊరుతుంది. మా ఆడపడుచు రాత్రంతా నానబెట్టినా దక్కని రుచి ఇక్కడ పది నిమిషాల్లో వస్తుంది. అయితే మెత్తదనం పోయి కాస్త సాగుతుంది. మా అబ్బాయి మీల్‌మేకర్‌లా ఉందని పక్కన పెట్టాడు, మా అత్తయ్య రెండోసారి అడిగి వేయించుకున్నారు. వేపుడుకి మాత్రం వద్దు, ఆ ఖాళీలన్నీ నూనె తాగేస్తాయి.

కాబట్టి వేపుడుకీ ఇగురుకీ ఉప్పునీళ్లు, పులుసుకీ సాంబారుకీ ఫ్రీజర్. ఒక్కటే ఎంచుకోమంటే నేను ఉప్పునీళ్లనే అంటాను, అప్పటికప్పుడు అయిపోతుంది కాబట్టి.

మూకుట్లో నూనె పోసి వేయిస్తే బాగుంటుంది, కానీ కొవ్వు తగ్గించడానికే టోఫూ తెచ్చుకున్నవాళ్లకి అది దేనికి? ఎయిర్‌ఫ్రయర్‌లో పైన కరకర వస్తుంది, ఐదు నిమిషాలు ఎక్కువైతే లోపల ఎండిపోతుంది. సిల్కెన్ అని రాసి ఉన్న మెత్తటి టోఫూతో వేపుడు జోలికి పోవద్దు, అది సూపుకి.

ఇద్దరే ఉన్న ఇంట్లో సగం ప్యాకెట్ మిగులుతుంది. దాన్ని గిన్నెలో నీళ్లు పోసి ఫ్రిజ్‌లో పెట్టి, రోజూ నీళ్లు మార్చడం మర్చిపోయి, నాలుగో రోజు వాసన వచ్చాక పారేసేవాళ్లు ఎక్కువ. ప్యాకెట్ తెరిచిన రోజే ఆ సగాన్ని ముక్కలు కోసి, డబ్బాలో సర్ది ఫ్రీజర్‌లో పెట్టేయండి. వచ్చే వారం పులుసులోకి పనికొస్తుంది.