టూ-పార్ట్ కిట్: పౌడర్ బాగుంది, లేబుల్‌ని మాత్రం నమ్మొద్దు

ఉప్పునీటి పగడాల అక్వేరియంలో పగడాలు వాడేసుకునే కాల్షియం, ఆల్కలినిటీలని మళ్లీ నింపే కిట్ ఇది. ఎనిమిది నెలలుగా వాడుతున్నాను కాబట్టి ధైర్యంగా రాస్తున్నా. రెండు ప్యాకెట్ల పౌడర్, రెండు ఖాళీ సీసాలు, ఒక కొలత మూత వస్తాయి. ఒక ప్యాకెట్లో కాల్షియం క్లోరైడ్, రెండోదాంట్లో సోడా యాష్, అంటే సోడియం కార్బనేట్. నా ట్యాంక్‌లో నీళ్లు 200 లీటర్లు, ఉన్నవి ఎక్కువగా గట్టి పగడాలే, అంటే సున్నపు అస్థిపంజరం కట్టుకునేవి. సరుకు గురించి ఫిర్యాదు లేదు, రెండూ శుభ్రంగా కరుగుతాయి, అడుగున మడ్డి మిగలదు. నా గొడవంతా దానిమీద అచ్చేసిన సూచనలతోనే.

"రోజూ రెండూ ఒక్కో మూత పోయండి" అని రాశారు. ఎవరి ట్యాంక్‌కి? రెండు మెత్తటి పగడాలున్న ట్యాంక్‌కీ, నిండా గట్టి పగడాలున్న ట్యాంక్‌కీ ఒకే డోసు ఎలా సరిపోతుంది? అయినా మొదటి నెల బుద్ధిగా అలాగే పోశాను. ఆల్కలినిటీ (నీళ్లలో ఉన్న కార్బనేట్ల మోతాదు, దాన్ని డీకేహెచ్‌లలో కొలుస్తారు) 8 డీకేహెచ్ నుంచి 10.5కి ఎక్కి కూర్చుంది, కొమ్మల పగడం కొసలు తెల్లబడ్డాయి.

అన్నీ ఆపేసి, అది 8.4కి దిగాక, రెండు రోజులు చుక్క కూడా పోయకుండా మళ్లీ అదే టైమ్‌కి కొలిస్తే 7.0 వచ్చింది. అంటే రోజుకు 0.7. నా ట్యాంక్ రోజువారీ తిండి అదన్నమాట. కాల్షియం మాత్రం 420 పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులు అని) దగ్గరే ఉంది, కదిలినట్టే లేదు. అది చూసి "కాల్షియం ఖర్చవట్లేదు" అనుకుంటే బోల్తా పడ్డట్టే. పగడాలు అస్థిపంజరం కట్టుకునేటప్పుడు ఆల్కలినిటీ 2.8 డీకేహెచ్ తగ్గితే కాల్షియం 20 పీపీఎం తగ్గుతుంది. నా లెక్కన రెండు రోజులకి 10 పీపీఎం. నా టెస్ట్ కిట్‌లో ఆ మాత్రం తేడా ఒక చుక్క అటూ ఇటూ అయినా వచ్చేస్తుంది! అందుకే ఇప్పుడు ఆల్కలినిటీని రెండు మూడు రోజులకోసారి, కాల్షియంని వారానికోసారి చూస్తున్నా.

ఇక అసలు కష్టం. ఒకరోజు తొందరలో ఉండి సంప్‌లో (ట్యాంక్ కింద ఉండే ఫిల్టర్ తొట్టిలో) ఒకే మూల రెండూ ఒకదాని వెనక ఒకటి పోసేశాను. రెండు నిమిషాల్లో రెండూ కలిసి సున్నంగా మారి ఆ మూలంతా సున్నం నీళ్లలా తెల్లగా అయిపోయింది, మర్నాటికి హీటర్‌మీద గరుకు పొర, ఆల్కలినిటీ పెరగాల్సింది పోయి తగ్గింది. మధ్యలో వ్యవధి ఇవ్వాలని సీసా వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, ముందు పెద్దగా వేస్తే ఏం పోయింది? ఆ రోజే మెగ్నీషియం కూడా చూశాను, 1150 పీపీఎం. సముద్రంలో 1300కి దగ్గరగా ఉంటుంది, అది తగ్గితే ఇలా సున్నం పేరుకోవడం ఇంకా సులువు. కిట్‌లో మెగ్నీషియం లేదు, విడిగా కొనుక్కోవాల్సిందే.

ఇప్పుడు కాల్షియం పొద్దున, సోడా యాష్ రాత్రి లైట్లు ఆరాక, అదీ రిటర్న్ పంపు (సంప్ నీళ్లని ట్యాంక్‌లోకి తిరిగి పంపేది) ధార దగ్గర కొద్దికొద్దిగా పోస్తున్నా. రాత్రి లైట్లు లేనప్పుడు నీళ్ల పీహెచ్ తగ్గుతుంది, సోడా దాన్ని కాస్త లేపుతుంది కాబట్టి రాత్రిపూటే దానికి మంచి టైమ్. మూడు నెలలుగా ఆల్కలినిటీ 8.0, 8.3 మధ్యే ఉంది.

కాల్షియం క్లోరైడ్ కలిపేటప్పుడు సీసా చేతికి వేడిగా తగులుతుంది, కంగారు పడకండి, దాని గుణమే అంత. పౌడర్‌ని నీళ్లలో వేయండి, పౌడర్‌మీద నీళ్లు పోయొద్దు. దాని ప్యాకెట్‌కి జిప్ లేకపోవడం మాత్రం దారుణం, గాలిలో తేమంతా లాగేసుకుని వారంలో బెల్లం ముద్దలా తయారైంది, గట్టి మూత ఉన్న డబ్బాలోకి మార్చాల్సి వచ్చింది. ఇంకోటి, నెలలు గడిచేకొద్దీ ఉప్పు శాతం మెల్లగా పెరుగుతుంది, దాన్నీ చూసుకుంటూ ఉండండి.

ఐదుకి మూడున్నర ఇస్తాను. అయిపోయాక మళ్లీ ఇదే తెప్పించాను కూడా. ఆ కొలత మూతమీది గీతలు మూత రంగులోనే ఉండి కనబడి చావవు, దాన్ని పక్కన పడేసి సిరంజి పెట్టుకున్నా.