పాత కారుకి కొత్త స్టీరింగ్ వీల్ కొంటున్నారా? బాస్ విషయంలో నాలా మోసపోకండి

పాత కార్లున్నవాళ్లు, ముఖ్యంగా స్టీరింగ్ వీల్, దాన్ని షాఫ్ట్‌కి కలిపే బాస్ రెండూ సెట్‌గా ఆన్‌లైన్‌లో కొనబోతున్నవాళ్లు, ఆర్డర్ పెట్టే ముందు ఇది చదవండి.

నాది 1960ల నాటి కారు. అసలు స్టీరింగ్ వీల్ పగిలిపోయి, పట్టుకుంటే అరచేతికి గుచ్చుకునేది. చెక్క రిమ్, మూడు స్పోకులున్న 350 మిల్లీమీటర్ల వీల్ ఒకటి చూసి మనసు పడ్డాను. మీ మోడల్‌కి కచ్చితంగా సరిపోతుందని అమ్మినాయన మెసేజ్‌లో రాశాడు కూడా.

తీరా బాస్‌ని షాఫ్ట్ మీద పెడితే సగం దాకా దిగి ఆగిపోయింది. ఫోన్ చేస్తే, "నట్ బిగించండి, అదే కూర్చుంటుంది" అన్నాడు. నేను అక్కడే ఆపేయాల్సింది. బిగించాను. బాస్ నిజంగానే దిగింది, గట్టిగా పట్టేసింది. ఊపి చూస్తే కదల్లేదు.

రెండు వారాలు తిరక్కుండానే మలుపుల్లో తేడా తెలిసింది. వీల్ కొంచెం తిరిగాకగానీ చక్రాలు కదలడం లేదు. స్టీరింగ్ బాక్స్‌లో ప్లే, అంటే వదులు, వచ్చిందేమో అనుకున్నాను. ఆ ప్లే రోజురోజుకీ పెరిగింది. భయమేసి కారు ఆపేసి, హారన్ బటన్ ఊడదీసి చూస్తే నట్ చుట్టూ తళతళా మెరుస్తూ అల్యూమినియం రజను. బాస్ బయటికి లాగితే లోపలి పళ్లు సగానికి పైగా నున్నగా అరిగిపోయి ఉన్నాయి. ఇంకొన్నాళ్లు అలాగే నడిపి ఉంటే ఏదో ఒక మలుపులో వీల్ నా చేతుల్లో ఊరికే తిరిగేది. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

జరిగింది ఇదీ. షాఫ్ట్ ఉక్కు, బాస్ మెత్తటి అల్యూమినియం. పళ్ల లెక్కో కొలతో కాస్త తేడా ఉన్నా నట్ బిగించే కొద్దీ ఉక్కు పళ్లు అల్యూమినియంని కోసుకుంటూ దారి చేసుకుంటాయి. పైకి అంతా బిగువుగానే కనిపిస్తుంది. అందుకే నట్ పెట్టకముందే చూసుకోవాలి. ఒక పంటి మీద మార్కర్‌తో గుర్తు పెట్టి షాఫ్ట్ పళ్లు, బాస్ పళ్లు రెండూ లెక్కపెట్టండి. పళ్లు చేత్తో తోస్తేనే ఒకదానిలో ఒకటి సాఫీగా దిగాలి. బలవంతం చేయాల్సి వస్తే ఆ బాస్ మీ కారుది కాదు. "అన్ని మోడళ్లకూ సరిపోతుంది" అని రాసి ఉంటే అసలు కొనకండి.

ఆ సెట్‌లో ఇంకో లోపం కూడా ఉంది. మోమో, స్పార్కో కంపెనీల వీల్స్‌లో బాస్‌కి బిగించే బోల్టుల రంధ్రాలు మామూలుగా 70 మిల్లీమీటర్ల వ్యాసమున్న వలయం మీద ఉంటాయి, నార్డి కంపెనీవి 74 మీద. నాకు వచ్చిన వీల్‌ది 74, బాస్‌ది 70. అంటే ప్రతి బోల్టూ 2 మిల్లీమీటర్లు పక్కకి పోతుంది. దానికి ఆయన చెప్పిన మందు, రంధ్రాలు ఆకురాయితో సాగదీయమని! స్టీరింగ్ బోల్టుల దగ్గర అలాంటి పని ఎవరు చెప్పినా చేయకండి. నేను ఆ బాస్ కోసం వేరే వీల్ తెప్పించుకున్నాను, ఆ ఖర్చూ వృథానే.

డబ్బు వెనక్కి అడిగితే, ఒకసారి బిగించాక వాపసు లేదన్నాడు. బిగించమన్నది ఆయనే. ఆ మాట ఫోన్‌లో అన్నాడు కాబట్టి నా దగ్గర ఆధారం లేదు. మీరు మాత్రం ప్రతిదీ మెసేజ్‌లోనే అడగండి, బిగించకముందే పళ్ల ఫొటోలు తీసి పెట్టుకోండి.

పాత వీల్ లాగేటప్పుడు నట్ పూర్తిగా తీసేయకుండా రెండు మూడు చుట్లు ఉంచండి. లేకపోతే వీల్ ఒక్కసారిగా ఊడి ముఖానికి తగులుతుంది. పుల్లర్ (వీల్‌ని మెల్లగా బయటికి లాగే పనిముట్టు) వాడండి, సుత్తి వద్దు. ప్రమాదంలో ముడుచుకునే రకం స్టీరింగ్ కాలమ్ (షాఫ్ట్ ఉండే గొట్టం) అయితే సుత్తి దెబ్బకి పాడవుతుంది. పవర్ స్టీరింగ్ లేకపోతే సైజూ ఆలోచించండి. 400 మిల్లీమీటర్ల వీల్ నుంచి 350కి వస్తే తిప్పడానికి ఏడో వంతు బలం ఎక్కువ పడుతుంది.

ఇలాంటి సెట్ ఇప్పటికే బిగించుకున్నవాళ్లు ఈరోజే హారన్ బటన్ తీసి లోపల చూడండి. రజను కనిపిస్తే కారు కదపకండి, మెకానిక్‌నే మీ దగ్గరికి పిలిపించుకోండి.