ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్: మూడేళ్ల వాడకం తర్వాత ఒక అనంతపురం విలేకరి సమీక్ష

డిసెంబర్ 3న వచ్చే అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవానికి, ఆఫ్రికా దేశాల మీడియాలో వైకల్యం ఉన్నవారు తెస్తున్న మార్పుపై ఒక పేజీ వ్యాసం రాసి ఇవ్వగలరా అని మా ఆదివారం అనుబంధం చూసే ఉపసంపాదకులు ఫోన్ చేసి అడిగినప్పుడు నేను అనంతపురం మార్కెట్ యార్డులో చీనీ కాయల ధరలు సేకరిస్తున్నాను. సేకరించడమంటే ఫోన్‌లో చెప్పి రికార్డు చేసుకోవడమే, ఎందుకంటే రెటీనా జబ్బుతో నా చూపు పోయి నాలుగేళ్లు దాటింది. ఆయన అడిగినదానికి వెంటనే ఒప్పుకున్నాను. ఆ వ్యాసానికి కావలసిన చదువు, రాత, దిద్దుబాటు అంతా మూడేళ్లుగా నా ల్యాప్‌టాప్‌లో ఉన్న ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తోనే పూర్తి చేశాను. రోజువారీ చిన్న వార్తల్లో తెలియని బలాలూ బలహీనతలూ ఆ పదకొండు రోజుల పనిలో బయటపడ్డాయి కనుక, దాని ఆధారంగానే ఈ సమీక్ష రాస్తున్నాను.

తెర మీది అక్షరాలను గొంతుతో వినిపించే ఈ సాఫ్ట్‌వేర్‌ను 2006లో ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ మొదలుపెట్టగా, తర్వాత జేమ్స్ టే ఆయనతో కలిశారు. ఇద్దరూ చూపు లేనివారే. తమకు అవసరమైనదాన్ని తామే తయారు చేసుకుని, ఎవరైనా ఉచితంగా వాడుకునేలా, దాని కోడ్‌ను ఎవరైనా చూసి మార్చుకునేలా లోకానికి ఇచ్చారు. కొన్ని వాణిజ్య స్క్రీన్ రీడర్ల ధర కొత్త ల్యాప్‌టాప్ ధరతో సమానంగా, కొన్నిసార్లు అంతకు మించి కూడా ఉంటుంది. నెలాఖరుకు లైన్ అకౌంట్ కింద, అంటే అచ్చయిన వార్తల పొడవును బట్టి వచ్చే డబ్బుతో ఇల్లు గడుపుకునే నాలాంటి కంట్రిబ్యూటర్ అంత ధర పెట్టి కొనలేడు. ఎన్‌వీడీఏ ఉచితం కాకపోయి ఉంటే నేను ఈ వృత్తిలో మిగిలేవాడిని కాదని ఏ సంకోచమూ లేకుండా చెప్పగలను.

విండోస్ 10 లేదా 11 ఉన్న కంప్యూటర్‌లో దీన్ని పెట్టుకోవడానికి చూపున్నవారి సాయం అక్కరలేదు. ఇన్‌స్టాల్ అవుతున్నప్పటి నుంచే అది మాట్లాడుతుంది. పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ వేసుకుంటే, ఏ కంప్యూటర్‌కు తగిలించినా అక్కడ ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే పనిచేస్తుంది. బ్యూరో ఆఫీసులో నాకంటూ ఒక కంప్యూటర్ లేదు. ఎవరి కుర్చీ ఖాళీగా ఉంటే వారి కంప్యూటర్‌కు పెన్‌డ్రైవ్ తగిలించి, ఇయర్‌ఫోన్ పెట్టుకుని, పని ముగించుకుని లేస్తాను.

తెలుగు విషయానికి వస్తే దీనితో పాటే వచ్చే ఈస్పీక్ అనే ఉచిత గొంతు తెలుగు చదువుతుంది. అది యంత్రం గొంతే, అందులో మనిషి గొంతులోని తడి ఉండదు. మొదటి వారం విన్నప్పుడు మన భాషేనా అనిపిస్తుంది. ఇరవై రోజులు గడిచేసరికి చెవి దానికి అలవాటు పడి, గొంతు మరుగున పడి, మాటలే మిగులుతాయి. వేగం పెంచుకుంటూ పోతే మామూలు మనిషి చదివేదానికి రెట్టింపు వేగంతో కూడా వినవచ్చు. అంత వేగంలోనూ స్పష్టత చెడకపోవడం ఈ యంత్రపు గొంతుకున్న గొప్ప గుణం.

అయితే తెలుగులో రాసేవారికి అసలు పరీక్ష దిద్దుబాటులో వస్తుంది. చెవితో దిద్దేవాడికి శ, ష దాదాపు ఒకేలా వినిపిస్తాయి. అర్థానికీ అర్ధానికీ మధ్య ఉన్న తేడా పరుగులో జారిపోతుంది, ‘విద్యార్థి’ పక్కన ‘విద్యార్ధి’ ధైర్యంగా నిలబడుతుంది. కంటితో చదివే సబ్ ఎడిటర్ ఒక్క చూపులో పట్టుకునే తప్పును నేను విని పట్టుకోవాలంటే, అనుమానం ఉన్న ప్రతి పదం దగ్గరా ఆగి, నంబర్ ప్యాడ్‌లో 5ను రెండుసార్లు నొక్కి, ఆ పదాన్ని అక్షరం అక్షరంగా విడగొట్టించుకోవాలి. భారతీయ భాషల కోసం రూపొందించిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో కొట్టేటప్పుడు ఒత్తుల కోసం వాడే పొల్లును కూడా అది విడిగా చెబుతుంది కనుక, సంయుక్తాక్షరం సరిగా పడిందో లేదో అప్పటికప్పుడే తెలిసిపోతుంది. ఇలా దిద్దడం మొదలుపెట్టాక నా కాపీలో అక్షర దోషాలు చూపున్న రోజులకంటే తగ్గాయి. చూపున్నప్పుడు నేను నా వాక్యాలను ఇంత శ్రద్ధగా చదువుకోలేదు.

ఆఫ్రికా వ్యాసం కోసం చేసిన పరిశోధనలో ఈ సాఫ్ట్‌వేర్ తన పూర్తి శక్తిని చూపించింది. వెబ్ పేజీలో హెచ్ అక్షరం నొక్కితే ఒక శీర్షిక నుంచి మరో శీర్షికకు, టి నొక్కితే పట్టికకు దూకుతుంది, కావలసిన మాటను వెతికి నేరుగా దాని దగ్గరకు తీసుకెళ్తుంది. కెన్యా 2010 రాజ్యాంగంలో ‘సంజ్ఞా భాష’ అనే మాట ఎన్నిచోట్ల ఉందో అలాగే వెతికించాను. ఏడవ అధికరణంలో కెన్యా సంజ్ఞా భాషను, బ్రెయిలీని అభివృద్ధి చేసే బాధ్యత ప్రభుత్వం మీద ఉంది, 120వ అధికరణంలో కిస్వాహిలీ, ఇంగ్లిష్‌లతో పాటు సంజ్ఞా భాష కూడా పార్లమెంటు అధికార భాషే. నన్ను ఎక్కువసేపు ఆపినది 54వ అధికరణం. వైకల్యం ఉన్న ప్రతి వ్యక్తికీ గౌరవంగా చూడబడే హక్కుతో పాటు, కించపరచని మాటలతో పిలవబడే, ప్రస్తావించబడే హక్కు ఉందని అందులో ఉంది. అంటే వార్తలో మమ్మల్ని ఏ మాటతో రాస్తారన్నది అక్కడ విలేకరి మర్యాదకు వదిలేసిన సంగతి కాదు, రాజ్యాంగం చెప్పిన సంగతి. ఆ వాక్యాన్ని ఒకటికి మూడుసార్లు వెనక్కి తెచ్చుకుని విన్నాను. ఇక్కడ మన దేశంలోనూ 2024 జూలై 8న సుప్రీంకోర్టు, దృశ్య మాధ్యమాల్లో వైకల్యం ఉన్నవారిని చూపే తీరుపై మార్గదర్శకాలు ఇస్తూ, కించపరిచే మాటలను మానుకోవాలని చెప్పింది. అయినా ‘అవిటివాడు’, ‘గుడ్డి’, ‘మూగవాడు’ వంటి మాటలు శీర్షికల్లోకి ఇంకా జారిపడుతూనే ఉన్నాయి.

ఆఫ్రికా సమితి 2018 జనవరిలో ఆదిస్ అబాబాలో ఆమోదించిన వికలాంగుల హక్కుల ప్రొటోకాల్ 2024లో అమల్లోకి వచ్చింది. దాని పాఠం అక్షరాలతో తయారైన పీడీఎఫ్‌గా దొరికింది కనుక ఆసాంతం వినగలిగాను. ‘మా గురించి, మేము లేకుండా ఏదీ వద్దు’ అన్న నినాదం ప్రపంచమంతా వ్యాపించడానికి దక్షిణాఫ్రికా ఉద్యమకారులు మైకేల్ మసుతా, విలియం రోలండ్ కూడా ఒక కారణమని నాకు తెలుసు కానీ, ఆ ఇద్దరూ దృష్టి లోపం ఉన్నవారేనన్న సంగతి ఈ చదువులోనే తెలిసింది. రోలండ్ తర్వాత ప్రపంచ అంధుల సంఘానికి అధ్యక్షులయ్యారు, మసుతా దక్షిణాఫ్రికా న్యాయశాఖ మంత్రిగా పనిచేశారు. మరో పేజీలో, చర్మానికీ జుట్టుకూ రంగునిచ్చే పదార్థం పుట్టుకతోనే లోపించే ఆల్బినిజం ఉన్నవారిపై జరిగే దాడుల గురించి 2008లో టాంజానియాలో ప్రాణాలకు తెగించి బీబీసీకి కథనాలు అందించిన విక్కీ న్టెటెమా గురించి విన్నాను. ఆమెకు ఆల్బినిజం లేదు. ఏడేళ్ల తర్వాత, ఆల్బినిజంపై ఐక్యరాజ్యసమితి మొట్టమొదటి స్వతంత్ర నిపుణురాలిగా నైజీరియాకు చెందిన ఇక్పోన్‌వోసా ఎరో నియమితులయ్యారు. ఆమెకు ఆల్బినిజం ఉంది. ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టడంతోనే నా వ్యాసానికి దారి దొరికింది: ముందు మా గురించి ఇతరులు ధైర్యంగా రాశారు, తర్వాత ఆ మాట చెప్పే చోటికి మేమే వచ్చాం.

ఈ సాఫ్ట్‌వేర్ నాకు ఏ విధంగానూ సాయపడలేని చోటు కూడా అదే వ్యాసంలో ఎదురైంది. సంజ్ఞలు అనే అర్థం వచ్చే పేరుతో కెన్యాలో సైన్స్ (Signs) టీవీ అనే ఛానల్ ఉంది. దాన్ని స్థాపించినవారు ల్యూక్ ములేకా. సంజ్ఞా భాషలో కార్యక్రమాలు ఇచ్చే ఆ ఛానల్ గురించి రాయకుండా నా వ్యాసం పూర్తి కాదు, కానీ చేతులతో చెప్పే మాటను ఏ స్క్రీన్ రీడర్ కూడా చదవలేదు. వినికిడి లేనివారికి తలుపు తెరిచిన ఆ తెర నాకు మూసిన తలుపే.

టవర్‌క్లాక్ దగ్గర ఒక డీటీపీ కేంద్రంలో పనిచేసే యువకుడు నాకు మిత్రుడు. అతనికి వినికిడి లేదు, నాకు చూపు లేదు. ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ నడిపే ప్రత్యేక పాఠశాలల వల్ల మా జిల్లాలో సంజ్ఞా భాష నేర్చిన యువకులు చాలామందే ఉన్నా, ఆ భాష నాకు కంటికి ఆనదు, నా మాట అతని చెవికి చేరదు. మా మధ్య ఉన్న వంతెన ఈ ల్యాప్‌టాపే. నేను టైప్ చేస్తే అతను తెర మీద చదువుతాడు, అతను టైప్ చేస్తే ఎన్‌వీడీఏ నాకు వినిపిస్తుంది. ఆ సాయంత్రం ఇద్దరం ఆ ఛానల్ వీడియోలు పెట్టుకుని కూర్చున్నాం. ఒక్కో దేశపు సంజ్ఞా భాష ఒక్కోలా ఉంటుంది కనుక, ‘అన్నా, ఇవి మన సంజ్ఞలు కావు, సగం కూడా అర్థం కావడం లేదు’ అని ముందు టైప్ చేశాడు. కాసేపటికి, ‘కానీ ఇక్కడ సంజ్ఞలు చేసే మనిషి మూలన చిన్న డబ్బాలో లేడన్నా, వార్త చెప్పేది అతనే’ అని యంత్రపు గొంతు నాకు వినిపించింది. నా వ్యాసానికి మొదటి వాక్యం అదే అయింది. 2023 జూలైలో దక్షిణాఫ్రికా తన సంజ్ఞా భాషను 12వ అధికార భాషగా గుర్తించిన సంగతి చెప్పినప్పుడు అతను చాలాసేపు ఏమీ టైప్ చేయలేదు.

ఇక రోజువారీ పనికి వస్తే, నా కష్టాలకు ఎక్కువగా కారణం ఎన్‌వీడీఏ కాదు, దానికి అందే సరుకే. కార్యాలయాల నుంచి ప్రెస్ నోట్లు వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోలుగా వస్తాయి. తుంగభద్ర ఎగువ కాలువ హెచ్చెల్సీకి నీటి విడుదల కానీ, సదరం శిబిరాల తేదీలు కానీ, కాగితాన్ని ఫోన్‌తో ఫొటో తీసి పంపిస్తారు. వైకల్య ధ్రువీకరణ శిబిరం వార్తను వైకల్యం ఉన్న విలేకరి చదవలేకపోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం. విండోస్‌లోని అక్షర గుర్తింపు సదుపాయాన్ని వాడుకుని ఎన్‌వీడీఏ ఇంగ్లిష్ ఫొటోలను చదవగలదు కానీ ఆ సదుపాయంలో తెలుగు లేదు. ఫొటోను గూగుల్ డ్రైవ్‌లో వేసి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలుగా మారుతుంది. దాన్ని వినవచ్చు, అంకెలను మాత్రం ఎవరితోనైనా సరిచూపించుకోవాలి. మరో చిక్కు, డీటీపీ కేంద్రాల్లో ఇప్పటికీ వాడే యూనికోడ్ కాని పాత ఫాంట్లు. కంటికి చక్కని తెలుగుగా కనిపించే ఆ పేజీ లోపల నిజానికి ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలూ చిహ్నాలే కనుక స్క్రీన్ రీడర్ అర్థం లేని శబ్దాలు చేస్తుంది. ఆ ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే ఉచిత కన్వర్టర్లు ఉన్నాయి. ఇప్పుడు నా మిత్రుడు నాకు పంపే ప్రతి ఫైలునూ మార్చే పంపుతాడు.

దీనికి ఐదుకు నాలుగున్నర ఇస్తాను. తగ్గించిన అర మార్కు తెలుగు గొంతు కోసం. తెలుగుకు ఇంకా సహజమైన ఉచిత గొంతు ఒకటి దీనికి జత కావాలని మనసారా కోరుకుంటున్నాను. తెర మీది మాటలను వేళ్లకు తగిలే చుక్కలుగా అందించే బ్రెయిలీ తెర ఉన్నవారికి తెలుగు బ్రెయిలీ పట్టిక ఇందులోనే ఉంది. నా దగ్గర ఆ పరికరం లేదు కనుక దాని గురించి తీర్పు చెప్పను. కంప్యూటర్ అలవాటు లేని వయసు మళ్లినవారికి మొదట ఆండ్రాయిడ్ ఫోన్‌లోని స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్ నేర్చుకోమని చెబుతాను. రాసే పని చేయదలచిన విద్యార్థి అయితే మాత్రం ఇంటర్‌లో ఉన్నప్పుడే ఎన్‌వీడీఏ మొదలుపెట్టాలి. షార్ట్‌కట్లు వేళ్లకు ఎక్కడానికి రెండు మూడు నెలలు పడుతుంది. పత్రికా కార్యాలయాలు నడిపేవారికి ఒక విన్నపం ఉంది: మీ డెస్క్‌లో ఒక్క కంప్యూటర్‌లో దీన్ని ఉంచడానికి ఒక్క రూపాయి ఖర్చు కాదు, పది నిమిషాలు చాలు.

వ్యాసం డిసెంబర్ 3న అచ్చయింది. ఉపసంపాదకులు పెట్టాలనుకున్న ‘వైకల్యాన్ని జయించిన వీరులు’ అనే శీర్షికను, 54వ అధికరణం ఆయనకు వినిపించి, మార్పించగలిగాను. ఉదయాన్నే ఈ-పేపర్ తెరిస్తే పేజీ మొత్తం ఒకే బొమ్మగా ఉంది. ఎన్‌వీడీఏ దాన్ని ‘గ్రాఫిక్’ అని చెప్పి ఆగిపోయింది. పది గంటలకు టవర్‌క్లాక్ దగ్గరకు వెళ్లి ల్యాప్‌టాప్ మిత్రుడి ముందు పెట్టాను. శీర్షికతో మొదలుపెట్టి, నా పేరుతో సహా, మొదటి పేరా అంతా అతను టైప్ చేశాడు. నేను ఇయర్‌ఫోన్ తీసేసి, గది అంతా వినిపించేలా స్పీకర్ పెట్టుకుని విన్నాను.