డీ అండ్ డీ పుస్తకాల్లో ముందు ఏది కొనాలి?

కొత్తగా డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ, టేబుల్ చుట్టూ కూర్చుని పాత్రలుగా మారి ఒక కథలో సాహసాలు చేసే ఆట) మొదలుపెట్టే కుర్రాళ్లు నన్ను ముందు అడిగేది ఇదే: “మూడు పుస్తకాలూ కొనాల్సిందేనా అన్నా?” మూడంటే ప్లేయర్స్ హ్యాండ్‌బుక్, మాన్‌స్టర్ మాన్యువల్, డంజన్ మాస్టర్స్ గైడ్. అక్కర్లేదు. ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ఒక్కటి తీసుకోండి. టేబుల్ మొత్తానికి ఒక కాపీ ఉంటే ఆట నడిచిపోతుంది.

అదీ 2024లో వచ్చిన కొత్తదే తీసుకోండి. 384 పేజీలు. వెనకాల ఇచ్చిన రూల్స్ గ్లాసరీ ఒక్కటి చాలు నాకు. 2014 పుస్తకంలో ఎవరైనా గాబ్లిన్‌ని (ఆటలో ఎదురయ్యే ఒక చిన్న రాక్షసుణ్ణి) ఒడిసి పట్టుకుంటానంటే, ఎలా పట్టుకోవాలో పోరాటం అధ్యాయంలో చూసి, పట్టుబడ్డవాడికి ఏమవుతుందో పుస్తకం చివర్లోని అనుబంధంలో వెతకాల్సి వచ్చేది. ఇప్పుడు ఏ రూల్ కావాలన్నా అక్షర క్రమంలో దొరుకుతుంది. డీఎం (ఆట నడిపించే డంజన్ మాస్టర్) పేజీలు తిప్పుతూ కూర్చుంటే ఆటగాళ్ల చేతుల్లోకి ఫోన్లు వచ్చేస్తాయి, అందుకే దీనికంత విలువ. ఫైటర్ (యోధుడి పాత్ర) ఆడేవాళ్లకి వెపన్ మాస్టరీ, అంటే ఆయుధాన్ని బట్టి వచ్చే ప్రత్యేక ప్రభావం, కూడా మంచి చేర్పు. గ్రేట్‌యాక్స్ దెబ్బ పక్కవాడి మీదకీ వెళ్తుంది, మాల్ (పెద్ద సుత్తి) తగిలినవాడు కింద పడొచ్చు. ప్రతి వంతుకీ “కొడతాను” అనడం తప్ప ఇంకేదో ఉందిప్పుడు.

రాక్షసుల వివరాలుండే మాన్‌స్టర్ మాన్యువల్ తర్వాత చూసుకోవచ్చు. ఆట మూల రూల్స్ ఉన్న సిస్టమ్ రిఫరెన్స్ డాక్యుమెంట్ క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఉచితంగా దొరుకుతుంది. గాబ్లిన్లు, అస్థిపంజరాలు, ఔల్‌బేర్ (గుడ్లగూబ తలున్న ఎలుగుబంటి), డ్రాగన్లు అన్నీ అందులో ఉన్నాయి. బిహోల్డర్‌ని (బోలెడు కళ్లున్న రాక్షసుణ్ణి) దింపాలనుకుంటే మాత్రం పుస్తకం కొనాల్సిందే.

ఆ మిగిలిన డబ్బు ఒక మంచి అడ్వెంచర్ (ఆడటానికి ముందే రాసిపెట్టిన కథ) మీద పెట్టండి. 2014 స్టార్టర్ సెట్‌లోని లాస్ట్ మైన్ ఆఫ్ ఫాండెల్వర్ ఎక్కడ కనబడినా వదలొద్దు. (ఆడబోయేవాళ్లు ఈ పేరా చదవకండి.) దారికడ్డంగా రెండు చచ్చిన గుర్రాలు, పొదల్లో గాబ్లిన్లు, అక్కణ్నుంచి గుహకి దారి. గుహలో యీమిక్ అనే గాబ్లిన్ ఒక బందీని అంచున నిలబెట్టి బేరానికి దిగుతాడు: మా నాయకుణ్ణి చంపండి, వీణ్ణి వదిలేస్తాను. అప్పటిదాకా కత్తి దూయడమే ఆట అనుకున్నవాళ్లు అక్కడ ఆగి తమలో తాము వాదించుకుంటారు. ఈ ఆట ఏమిటో కొత్తవాళ్లకి అంత బాగా తెలిపే సన్నివేశం నాకింకోటి కనబడలేదు.

సప్లిమెంట్లలో (ఆ మూడు కాక వచ్చే అదనపు పుస్తకాల్లో) నా మొదటి ఓటు 2017 నాటి జానథార్స్ గైడ్‌కి. అడవికీ, ఎడారికీ, సముద్రానికీ విడివిడిగా ఎదురయ్యేవాటి పట్టికలు, సాహసాల మధ్య ఖాళీ రోజుల్లో చేసే పనులు, చివర్లో పేర్ల జాబితాలు ఉంటాయి. వాటిలో భారతీయ పేర్లకీ ఒక పట్టిక ఇచ్చారు. ఆటగాళ్లు ఇద్దరే అయితే మాత్రం 2020లో వచ్చిన టాషాస్ కాల్‌డ్రన్ ముందు కొనండి. అందులోని సైడ్‌కిక్ రూల్స్‌తో చిన్న జీవిని తోడు తెచ్చుకుని తమతోపాటు లెవెల్ పెంచుకోవచ్చు. రెండూ పాత రూల్స్‌కి రాసినవే, అయినా డీఎం పట్టికలకి ఆ తేడా ఏమీ అడ్డురాదు.

మరీ చవగ్గా కనిపించే కాపీల జోలికి వెళ్లకండి. నేను ఆన్‌లైన్‌లో ఒకచోట తీసుకున్నది నకిలీ ప్రింటు. మ్యాపులో గదుల నంబర్లు అలుక్కుపోయి ఉన్నాయి, జిగురు ఊడి పేజీలు చేతికొచ్చాయి.

డంజన్ మాస్టర్స్ గైడ్ ఆఖరున కొనండి. సొంత లోకం కట్టుకోవాలన్న కోరిక పుట్టాక, మాయా వస్తువుల కోసం ఆటగాళ్లు ప్రాణం తీస్తున్నప్పుడు అది తెరిస్తే ప్రతి పేజీ పనికొస్తుంది.